నాలుగు పేర్ల చెరువుకి రికార్డులో ఒక్క పేరు ఎట్లా వచ్చింది

అనంతపురం జిల్లాలో చిన్న నీటి వనరులు చూసే ఏఈని, అంటే అసిస్టెంట్ ఇంజనీరుని నేను. చెరువు కట్టలు, తూములు, మరువలు (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే చోట్లు), వాటి ఎస్టిమేట్లు, బిల్లులు, ఇవే రోజూ నా పని. ఈ మధ్య మా చెరువు పేరు రికార్డులో తప్పుగా ఉంది, సరిచేయాలంటే ఏం చేయాలి అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ గ్రామసభ పెట్టి తీర్మానం రాస్తే అయిపోతుంది అనుకుంటున్నారు. తీర్మానం చివర్లో వచ్చే కాగితం, అంతకంటే ముందు ఆ తప్పు పేరు మొదట ఏ పుస్తకంలో, ఏ పేజీలో పడిందో పట్టుకోవాలి, అది పట్టుకోకపోతే ఎన్ని తీర్మానాలు చేసినా ఫైలు తిరిగి మన టేబుల్ మీదికే వస్తుంది. నేను దగ్గరుండి నడిపిన ఒక కేసు మొత్తం రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం రాయను, అక్కడ గొడవ ఇంకా పూర్తిగా చల్లారలేదు.

వానలకి చెరువు కట్ట లోపలి వైపు జారింది. పెద్ద తూము పక్కన బుంగ పడి నీళ్లు పోతున్నాయి. ఇసుక బస్తాలు వేసి అప్పటికి ఆపి, మరమ్మతుకి ఎస్టిమేట్ పంపితే అది కొర్రీతో వెనక్కొచ్చింది. కొర్రీ చదివితే నవ్వూ వచ్చింది, టెన్షనూ వచ్చింది. ఈ ఊళ్లో 'పెద్ద చెరువు'కి ఇదివరకే ఉపాధి హామీలో పూడిక తీశారు, 'పాత చెరువు'కి ఇంకో పద్దు కింద తూము పని జరిగింది, ఇప్పుడు మీరు రాసిన 'ఎర్రమ్మ చెరువు' ఎక్కడిది, ఆయకట్టు రిజిస్టరులో లేదే అని.

ఆ మూడూ ఒకటే చెరువు. మా శాఖ మెమోయిర్‌లో, అంటే చెరువు కొలతల రికార్డులో, ఊరి పేరు పెట్టి పెద్ద చెరువు. ఊరి భూముల రెవెన్యూ లెక్క అయిన అడంగల్‌లో పాత చెరువు. ఆయకట్టు రైతులు పిలిచేది ఎర్రమ్మ చెరువు అని, కట్ట మీద వేపచెట్టు కింద ఉన్న అమ్మవారి పేరు అది. ఇక చెరువు ముంపు ఎక్కువ భాగం ఎగువ ఊరి పొలిమేరలో ఉంది, ఆ ఊరివాళ్లకి ఇది కింద చెరువు. రాయలసీమలో ఇది మామూలే, నీళ్లు నిలిచేది ఒక ఊళ్లో, కట్టా మాగాణీ ఇంకో ఊళ్లో. రెండు రెవెన్యూ గ్రామాలంటే రెండు సర్వే నంబర్లు, రెండు రిజిస్టర్లు, రెండుచోట్లా రాసిన గుమాస్తాలు వేరు.

ముందు ఇవన్నీ ఒకే చెరువని రుజువు చేయాలి. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది కేంద్రం చేయించిన నీటి వనరుల గణన. 2017-18ని ఆధారంగా తీసుకుని చేసిన ఈ లెక్క 2023లో బయటికి వచ్చింది, దేశం మొత్తం మీద 24,24,540 నీటి వనరులు, అందులో మన రాష్ట్రంలో 1,90,777. పేర్ల సంగతి ఎట్లా ఉన్నా, ఆ లెక్కలో అక్షాంశ రేఖాంశాలు తీసుకున్నారు. మా ఊరి కింద ఉన్న రెండు ఎంట్రీల పాయింట్లు మ్యాపు మీద పెడితే ఒకటి కట్ట మధ్యలో, ఇంకోటి మరువ దగ్గర పడింది. ఉపాధి హామీ పని ఫోటోలో అదే వేపచెట్టు. అంతవరకు తేలిక.

కష్టం ఏమిటంటే, ఒకటే చెరువు సరే, మరి ఏ పేరు అసలుది? పైవాళ్లు రెవెన్యూ రికార్డులో ఏముంటే అదే రాయండి అన్నారు, అంటే పాత చెరువు. నేను కూడా అదే రాసి పంపేవాణ్ణే, కానీ కట్ట మీద నడుస్తున్నప్పుడు, చెరువు నీళ్లు మడులకి వదిలే నీరుగంటి పెద్దాయన ఒక మాటన్నాడు.

ఇక్కడ కొత్తగా వచ్చే ఏఈలకి ఒక మాట చెప్పాలి. ఊళ్లోకి పోయి ఈ చెరువు పేరేమిటి అని అడగొద్దు. అట్లా అడిగితే సారు చేతిలో కాగితం ఉంది కాబట్టి ఆ కాగితంలో ఏముంటుందో ఊహించి అదే చెప్తారు. మడి దగ్గర నిలబడి ఈ నీళ్లు యాడివి అని అడగాలి. నేను అట్లా అడిగితే పెద్దాయన, "ఎర్రమ్మవే సార్, ఇంకేం నీళ్లుండాయి ఈడ" అన్నాడు. రికార్డులో పాత చెరువు అని ఉంది కదా పెద్దాయనా అంటే, "పాత చెరువు యాడుంది సార్ ఇప్పుడు? దాంట్లో ఇండ్లు లేసినాయి" అని ఊరికి తూర్పు దిక్కు చెయ్యి చూపించాడు.

అంటే పాత చెరువు అని ఇంకో చెరువు ఉండేది. చిన్నది. దాని పేరు దీనికి వచ్చి పడింది, అది కాగితాల్లోంచి మాయమైంది.

ఇక రికార్డుల్లోకి పోదాం, ఈ కేసులో అసలు కత ఇక్కడే ఉంది. చెరువు పేరు వెతికేవాళ్లు సాధారణంగా ఆర్‌ఎస్‌ఆర్‌లో, అంటే సర్వే నంబరు వారీగా భూమి వివరాలు ఇంగ్లీషు, తెలుగు రెండింట్లో ఉండే పాత రెవెన్యూ రిజిస్టరులో, మనవాళ్లు డైగ్లాట్ అంటారే దాంట్లో, చెరువు సర్వే నంబరు వరస తీసి చూస్తారు. అక్కడ పోరంబోకు, రిమార్కుల్లో చెరువు అని మాత్రమే ఉంటుంది, పేరుండదు. పేరు ఉండేది చెరువు వరసలో కాదు, దాని కింద పారే మాగాణి వరసల్లో. తరి భూమికి, అంటే మాగాణికి, శిస్తు కట్టాలంటే ఆ నీళ్లు ఏ వనరు నుంచి వస్తున్నాయో, ఆ వనరు ఏ తరగతిదో తేలాలి కాబట్టి ప్రతి మాగాణి నంబరు పక్కన నీటి ఆధారం రాశారు. చెరువు పేరు కావాలంటే దాని ఆయకట్టు నంబర్లు చూడాలి.

మండల ఆఫీసులో ఉన్నది చేత్తో తిరగరాసిన కాపీ. ఊదా రంగు సిరా, పాళీ కలంతో రాసిన గుండ్రటి అక్షరాలు, అంచులు చెదలు తిన్నాయి. ఎడమ పేజీలో మొదటి మాగాణి నంబరు పక్కన 'పాత చెరువు' అని ఉంది, దాని కింద వరసగా డిట్టో, డిట్టో, డిట్టో, అంటే పైన ఉన్నదే అని. ఎదుటి కుడి పేజీలో పైన మొదటి వరసలోనే డిట్టో, అక్కడినుంచి కిందిదాకా డిట్టోలే. ఆ పేజీలో ఉన్నవి ఎర్రమ్మ చెరువు పెద్ద తూము కింద నంబర్లు, నేను వాటి గట్ల మీద నడిచాను. ఎడమ పేజీలో నంబర్లు మాత్రం ఊరికి తూర్పున ఉన్నవి. ఆ నంబర్లకి నీళ్లు ఈ కట్ట నుంచి ఎక్కే ప్రశ్నే లేదు, అవి మిట్ట మీద ఉన్నాయి.

ఎక్కడో మధ్యలో ఒక వరస పడిపోయింది అని అప్పుడే అనిపించింది. కలెక్టరేట్ రికార్డు రూములో అచ్చు డైగ్లాట్ ఉంటే చూడాలి అని అర్జీ పెట్టాం. తీయించడానికి టైం పట్టింది, కానీ దొరికింది. అచ్చు పుస్తకంలో ఎడమ పేజీ చివరి వరసలో ఇంగ్లీషు గడిలో ఎర్రమ్మ టాంక్, తెలుగు గడిలో ఎర్రమ్మ చెరువు అని స్పష్టంగా ఉంది. దాని తర్వాతి పేజీ డిట్టోలన్నీ దానికి సంబంధించినవి. ఎవరో ఎప్పుడో చేత్తో కాపీ రాసేటప్పుడు ఆ చివరి వరస చిరిగిపోయిన ప్రతిని ముందు పెట్టుకుని రాశారు. చివరి వరస లేకపోయేసరికి కింది డిట్టోలన్నీ పై పేరుకి అతుక్కున్నాయి. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊళ్ల లెక్కలు చేతులు మారాయి, ఈ కాపీ అప్పటిదా అంతకు ముందుదా అనేది ఈ కేసుకి అవసరం లేదు, నేను ఆ దారిన పోలేదు కూడా. దాన్ని చూసి అడంగల్ రాశారు, అడంగల్ చూసి కంప్యూటర్లో ఎక్కించారు, కంప్యూటర్లో ఉంది కాబట్టి చేపల వేలం కూడా పాత చెరువు పేరుతోనే పాడారు. ఒక చిరిగిన వరస, అంతే. ఎవరూ నిర్ణయించకుండానే చెరువుకి అధికారికంగా పేరు మారిపోయింది.

మా శాఖ మెమోయిర్‌లో 'పెద్ద చెరువు' అని ఎందుకుందో కూడా చెప్తాను, చిన్న విషయమే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1883లో టాంక్ రిస్టొరేషన్ స్కీమ్ మొదలుపెట్టి ఒక్కో చెరువుకి కట్ట పొడవు, తూము లెవెళ్లు, మరువ కొలతలు రాసిపెట్టడం మొదలైంది. ఆ రాతల్లో ఊరి పేరు, ఊళ్లో ఒకటికంటే ఎక్కువ చెరువులుంటే పెద్ద, చిన్న అని రాయడం తరచుగా కనిపిస్తుంది. కొలతలు కావలసినవాడికి అమ్మవారి పేరుతో పనేముంది. ఆ కొలతలు మాత్రం ఇప్పటికీ చాలావరకు సరిపోతున్నాయి, ఈ కట్ట పాత లెవెళ్లు నాకు అందులోనే దొరికాయి.

ఇంతలో ఊళ్లో కొందరు కుర్రాళ్లు కట్ట మీద శాసనం ఉంది, దాంట్లో రాయలవారు పెట్టిన పేరుంటుంది, ఆ పేరే పెట్టాలి అని మొదలుపెట్టారు. తూము దగ్గర రాయి ఉన్నమాట నిజమే. శాసనాలు చదివే తెలిసినాయన ఒకరికి సున్నం పూసి తీసిన ఫోటోలు పంపించాను. అది దశబంధం మాన్యం రాయి. చెరువు కట్టించినవాడికో, బాగుచేసేవాడికో మాగాణిలో కొంత భూమి మాన్యంగా ఇవ్వడం మన రాయలసీమ దత్తమండలాల్లో పాత పద్ధతి, దాన్ని దశబంధం అనేవాళ్లు. రాతిలో 'ఈ చెఱువుకు' అనే ఉంది, పేరు లేదు. కుర్రాళ్లు చాలా నిరాశపడ్డారు.

పేరు ఉన్నా లాభం ఉండేది కాదు అని నేను వాళ్లకి చెప్పింది ఏమంటే, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు చూడండి. 1369 నాటి శాసనం ఉంది, బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు, రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్లు పట్టింది అని అందులోనే రాశారు. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు, మా ఇంజనీర్లు ఇప్పుడు చదివినా తలాడించాల్సిందే. చెరువు పేరు అనంతరాజసాగరం అని రాతిమీద చక్కగా ఉంది. ఎవరు పిలుస్తున్నారు? అందరికీ అది పోరుమామిళ్ల చెరువే. రాయి అంత గట్టిగా చెప్పినచోటే జనం నోరు గెలిచింది.

రికార్డు దొరికాక పని అయిపోయిందనుకున్నా, అప్పుడు ఎగువ ఊరు లేచింది. మా ముంపులో నీళ్లు నిలబడి వాళ్ల మడి పారుతుంటే పేరు కూడా వాళ్ల అమ్మవారిదేనా, మా ఊరి పేరు పెట్టండి అన్నారు. వినడానికి పంతంగా ఉంటుంది గానీ దాని వెనక లెక్క ఉంది. చెరువు ఎండాక ముంపులో వేసుకునే పైరు, పూడిక మట్టి తోలుకునే హక్కు, చేపల వేలం డబ్బులో పంచాయతీ వాటా, ఇవన్నీ ఈ చెరువు ఎవరిది అనే మాట మీద నడుస్తాయి. బోర్డు మీద దిగువ ఊరి అమ్మవారి పేరు ఒక్కటే పడితే రేపు మమ్మల్ని ముంపులోకి దిగనివ్వరు అని వాళ్ల భయం. దిగువవాళ్లేమో కట్ట మాది, తూము మాది, గండి పడితే మునిగేది మేము అంటారు. ఇద్దరి మాటా న్యాయమే.

మనకి దగ్గర్లోనే దీనికి పోలిక ఉంది. అనంతపురం ఊరికీ బుక్కరాయసముద్రానికీ మధ్య పండమేరు నీళ్లు పట్టే చెరువు కట్ట. ఆ కట్ట ఒక కొసన బుక్కరాయసముద్రం, మొదటి బుక్కరాయల పేరు మీద, ఇంకో కొసన అనంతసాగరం, అదే తర్వాత అనంతపురం అయింది. కట్ట తెగకుండా ప్రాణమిచ్చిందని చెప్పే ముసలమ్మ పేరు మీద ముసలమ్మ కట్ట ఉండనే ఉంది. ఒకే నీటికి ఇన్ని పేర్లు అన్ని వందల ఏళ్లు పక్కపక్కన బతికాయి. కాబట్టి ఇక్కడా రెండో పేరు వాడుకలో ఉండకూడదని ఎవరూ అనడం లేదు, బిల్లుకీ రికార్డుకీ ఒక్క పేరు కావాలి, హక్కుల సంగతి పేరులో కాదు, విడిగా రాతపూర్వకంగా పెట్టుకుందాం అని రెండు ఊళ్ల పెద్దమనుషుల్ని కట్ట మీదికే పిలిచి మాట్లాడాం. గొడవ సర్దుబాటు అయ్యింది ఈ మాట మీదే, ముంపు సాగు, మట్టి, చేపల వాటా ఇదివరకు ఎట్లా జరుగుతున్నాయో అట్లాగే అని జాయింట్ ఇన్‌స్పెక్షన్ మహజరులో, అంటే అందరి ముందు రాసి సంతకాలు పెట్టించే కాగితంలో, రాయించాను. పేరు గురించి ఒక్క పేరా, హక్కుల గురించి పేజీన్నర. అట్లాగే ఉండాలి.

మూడో తలనొప్పి ఒక ఫ్లెక్సీ. ఒక నాయకుడి పేరు పెట్టి చివర సాగర్ తగిలించి కట్ట మొదట్లో రాత్రికి రాత్రి కట్టేశారు. దీని మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కొత్తగా కట్టిన ప్రాజెక్టుకి మహానుభావుల పేరు పెట్టడంలో తప్పేం లేదు, అది ప్రభుత్వం జీవో ఇచ్చి చేసే పని. కర్నూలు జిల్లాలో హంద్రి మీద గాజులదిన్నె ప్రాజెక్టుకి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు, ఆ జిల్లా బిడ్డ, ముఖ్యమంత్రి చేసినాయన, అంతకంటే తగిన పేరు ఏముంటుంది. అయినా రైతు నోట్లో ఇప్పటికీ అది జీడీపీనే. అదే కడప జిల్లాలో బ్రహ్మంగారిమఠం దగ్గర జలాశయానికి వీరబ్రహ్మేంద్రస్వామి పేరు పెడితే బ్రహ్మంసాగర్ అని జనం వెంటనే అందుకున్నారు, ఆ నేలకి ఆ పేరు ముందునుంచే ఉంది కాబట్టి. వందల ఏళ్లుగా ఒక పేరుతో నీళ్లు పారుతున్న పాత చెరువు సంగతి వేరు. ఊళ్ల పేర్ల మార్పు మీద కేంద్ర హోం శాఖ 1953లో ఇచ్చిన మార్గదర్శకాలు ఉన్నాయి, జనానికి అలవాటైన పేరుని గట్టి కారణం లేకుండా మార్చొద్దు అనేది వాటి సారం. అవి ఊళ్లకి, పట్టణాలకి సంబంధించినవి, చెరువులకి నేరుగా వర్తించవు, కానీ ఫైల్లో వాదన రాయడానికి మంచి ఆసరా. నేను రాసిన నోట్‌లో పెట్టుకున్న ఒకే ఒక్క సూత్రం అది. ఫ్లెక్సీ మీద ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు, గాలికి అదే చిరిగింది.

తీర్మానం రాసే తీరులోనే సగం పని ఉంది. 'చెరువు పేరు మార్చవలెను' అని రాస్తే అది పేరు మార్పు ప్రతిపాదన అవుతుంది, ఎక్కడెక్కడికో పోతుంది. మనది మార్పు కాదు, రాతపొరపాటు దిద్దుబాటు. అందుకని రెండు పంచాయతీల తీర్మానాల్లోనూ అచ్చు డైగ్లాట్‌లో ఫలానా సర్వే నంబర్ల ఎదుట నీటి ఆధారం ఎర్రమ్మ చెరువు అని ఉన్నది, చేతిరాత ప్రతిలో ఒక వరస జారినందున పాత చెరువు అని నమోదైనది, దానిని అచ్చు ప్రతి ప్రకారం సరిచేయవలెను అని రాయించాను. దానికి రెండు పేజీల ఫోటో కాపీలు, సర్టిఫై చేసినవి, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే నంబరు కొలతల పటం), గణన పాయింట్లు పెట్టిన మ్యాపు, మెమోయిర్ నకలు, మహజరు జతచేశాం. రెండు ఊళ్లలోని రెండు సర్వే నంబర్లూ ఒకే వాక్యంలో ఉండాలి, లేకపోతే ఒక ఊరి రికార్డు మారి ఇంకో ఊరిది మారకుండా పోతుంది, ఇట్లా పోయిన కేసులు నేను చూశాను.

ఇంకో సంగతి, మీ ఊళ్లో భూముల రీసర్వే నడుస్తుంటే ఇవన్నీ అప్పుడే పెట్టుకోండి. సర్వే, సరిహద్దుల చట్టం సెక్షన్ 9(2) కింద హద్దులు తెలిపే నోటీసులు వచ్చే దశలో సర్వేయరు ఎట్లాగూ పొలం మీదికి వస్తాడు, రాతకోతలు తెరిచే ఉంటాయి. సర్వే ముగిసిందని సెక్షన్ 13 నోటిఫికేషన్ పడిపోయాక అదే పని పదింతలు. మాకు ఆ దశ దాటలేదు కాబట్టి బతికిపోయాం.

చివరికి ఉత్తర్వు వచ్చింది. అడంగల్‌లో, ఆయకట్టు రిజిస్టరులో 'ఎర్రమ్మ చెరువు ఉరఫ్ పెద్ద చెరువు'. ఉరఫ్ పెట్టమని అడిగింది నేనే, పెద్ద చెరువు పేరుతో అయిన పాత పనుల బిల్లులు, కొలతల పుస్తకాలు అనాథలు కాకుండా. మా పోర్టల్లో పేరు గడిలో అన్ని అక్షరాలు పట్టక 'ఎర్రమ్మ చెరువు ఉర' దగ్గర ఆగిపోయింది, దాన్ని అట్లాగే వదిలేశాం. ఎస్టిమేట్ మంజూరైంది, కట్ట పని జరిగింది, బుంగ పూడ్చాం. ఎగువ ఊరివాళ్లు ఇప్పటికీ కింద చెరువనే అంటారు, అనుకోనీ.

పేరు తేలాక ఇంకో ఫైలు పుట్టింది, దాని సంగతి ఎవరూ ముందు ఊహించలేదు. ఎర్రమ్మ చెరువు నుంచి పాత చెరువు పేరు తీసేసరికి, మరి అచ్చు పుస్తకంలో ఉన్న అసలు పాత చెరువు ఏది అనే ప్రశ్న రెవెన్యూవాళ్లకి ఎదురైంది. ఇన్నాళ్లూ పాత చెరువు ఎక్కడ అంటే ఈ పెద్ద నీళ్లే చూపించేవాళ్లు, కాబట్టి తూర్పున ఉన్న ఆ కుంట పోయిందని కాగితంలో ఎక్కడా తెలియలేదు. పేరు ఒక చోట బతికి ఉంటే చెరువు కూడా బతికి ఉన్నట్టే లెక్క. చెరువు, కుంట భూముల్ని ఇళ్ల స్థలాలుగా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లో హించ్‌లాల్ తివారి కేసులో చెప్పింది, మన రాష్ట్రంలో 2002 నుంచి నీరు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం ఉంది. కానీ అక్కడ ఇళ్లు కట్టుకున్నవాళ్లలో సగం మంది పట్టాలున్న పేదవాళ్లు, అది పేరు దిద్దినంత తేలిక కాదు, ఏఈ స్థాయిలో తేలే విషయం అంతకన్నా కాదు. ప్రస్తుతానికి ఆ సర్వే నంబరులో ఇళ్లు లేకుండా మిగిలిన భాగానికి హద్దురాళ్లు వేయాలని, పైనుంచి వచ్చే వంక కాలువ మూసుకుపోకుండా చూడాలని మా శాఖ తరఫున రాసి ఇచ్చాం. వంక మూసుకుపోతే వాన నీళ్లు ఆ ఇళ్లలోకే పోతాయి కాబట్టి ఈ రెండో పనికి అక్కడివాళ్లు కూడా ఒప్పుకున్నారు, సర్వేయరు కొలతకి తేదీ ఇవ్వాలి.